చొక్కా మీది పేరు

మన ఇళ్ళల్లో పోలీసుకి అప్పగించినన్ని పనులు ఆ డిపార్టుమెంటువాళ్ళు కూడా అప్పగించి ఉండరు. పిల్లవాడు అన్నం తినకపోతే పోలీసు. పాలవాడు మరీ నీళ్ళు పోసేస్తుంటే పోలీసు. ఎదురింటివాళ్ళు టీవీ గట్టిగా పెడితే పోలీసు. ఇలా రోజుకి పదిసార్లు తలుచుకుంటామా, తీరా నిజం పోలీసు గుమ్మంలో నిలబడేసరికి గుండె గుభేలుమంటుంది. పాస్‌పోర్టు విచారణకోసం వచ్చాడని తెలిసేదాకా గొంతులో తడి ఉండదు.

ఆ గాభరాలో మనం చూడకుండా వదిలేసేది ఒకటుంది. ఆయన చొక్కాకి తగిలించిన చిన్న పలక. దానిమీద ఆయన పేరు రాసి ఉంటుంది. టోపీ చూస్తాం, లాఠీ చూస్తాం, మీసం కూడా చూస్తాం. పేరు మాత్రం చదవం. ఆయన వెళ్ళాక "ఎవరొచ్చారే?" అని ఇంట్లో అడిగితే "ఎవరో పోలీసండీ" అంటాం. పోలీసుకి పేరేమిటి, పోలీసు పోలీసే అన్నట్టుగా!

నిజానికి ఆ పలక అలంకారానికి పెట్టింది కాదు. 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడిపే డి.కె. బసు అనే ఆయన, లాకప్పుల్లో మనుషులు చచ్చిపోతున్నారన్న వార్తలు చదివి ఊరుకోలేక సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టువారు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నారు. పదేళ్ళ తరవాత, 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ పదకొండు నియమాలు పెట్టారు. మొట్టమొదటి నియమం ఏమిటనుకున్నారు? అరెస్టు చేసే పోలీసు, ప్రశ్నలడిగే పోలీసు, తన పేరూ హోదా స్పష్టంగా కనబడేలా తగిలించుకోవాలి. ఎవరు ప్రశ్నించారో రిజిస్టరులో రాయాలి. అరెస్టు చేసిన తేదీ, వేళ రాసిన కాగితంమీద ఇంట్లోవాళ్ళో, వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. తరవాత ఈ పేరు సంగతి చట్టంలోకే ఎక్కింది.

మరింకేం, పేరు తెలుసుకునే హక్కు మనకుందని తేలిపోయిందిగా, గొడవేమిటి అంటారా? గొడవల్లా, చొక్కామీద ఉన్న పేరే ఇంటి గేటుమీద కూడా ఉండడం. చొక్కా ప్రభుత్వంవారిది. గేటు లోపల మాత్రం పెళ్ళాం, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు ఉంటారు. ఈ రెండు పేర్ల తగువు మా ఇంటి అరుగుమీదికే వచ్చింది.

మాకు మూడిళ్ళవతల ఒక ఎస్సైగారు అద్దెకుంటున్నారు. ఆయన పనిచేసే స్టేషను ఊరికి ఆ చివర. ఆయన ఎప్పుడొస్తాడో, ఎప్పుడెళ్తాడో మాకు తెలియదు. ఆవిడ మాత్రం సాయంత్రంపూట వచ్చి మా అరుగుమీద కాస్సేపు కూచుంటుంది. నన్ను "పిన్నిగారూ" అని పిలుస్తుంది. ఒకసారి ఊళ్ళో ఏదో ఊరేగింపు దగ్గర లాఠీచార్జి జరిగింది. ఆ రాత్రే ఎవరో ఆయన పేరూ, ఇంటి ఫోటో, ఆవిడ ఫోను నెంబరు, పిల్ల ఏ బళ్ళో చదువుతోందో కూడా కలిపి వాట్సాప్‌లో పెట్టేశారు. ఆయన ఆ రోజు ఆ ఛాయలకే వెళ్ళలేదట, అది వేరే సంగతి. వారం రోజులపాటు అర్ధరాత్రి ఫోన్లు. ఎత్తితే బూతులు. పిల్లని బడికి పంపడం మానేసింది.

"ఆయన తప్పు చేస్తే ఆయన్ని అడగమనండి పిన్నిగారూ! పిల్లేం చేసింది?" అంది. నా దగ్గిర జవాబు లేదు.

రెండో మనిషి మా వీధికంతా జాకెట్లు కుట్టే అమ్మాయి. ఆమె భర్త ఆటో నడుపుతాడు. 2024 వేసవిలో ఒక రాత్రి ఇద్దరు మఫ్టీలో వచ్చి, తలుపు కొట్టి, అతన్ని తీసుకుపోయారు. ఎందుకో చెప్పలేదు. ఎవరో చెప్పలేదు. మఫ్టీ కదా, చొక్కామీద పలక కూడా లేదు. చంటిపిల్లని చంకనేసుకుని స్టేషనుకి పరుగెత్తితే "మా దగ్గిర లేడు పో" అన్నారట. మర్నాడు సాయంత్రం అతనే కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. వాళ్ళు వెతికే మనిషి వేరేవాడట. కేసు లేదు, కాగితం లేదు, ఒక్క సంతకం లేదు.

నాలుగు రోజులు పోయాక ఆ అమ్మాయి కుట్టిన జాకెట్లు ఇచ్చిపోవడానికి వచ్చింది. ఎస్సైగారి భార్య కూడా అప్పుడు అరుగుమీదే ఉంది. జాకెట్లలో ఆవిడవి రెండున్నాయి మరి.

"అమ్మా, నాకు డబ్బులొద్దు. ఆయన్ని కొట్టిందెవరో పేరు కావాలి" అంది. "పేరు తెలిస్తే ఏం చేస్తావే?" అన్నాను.

"ఏం చేస్తానమ్మా! ఇప్పుడు రోడ్డుమీద ఖాకీ చొక్కా కనబడితే చాలు, ఆయన ఆటో పక్కకి ఆపేసి కూచుంటున్నాడు. ఎవరో తెలిస్తే ఆ ఒక్కడికే భయపడతాడు. తెలియక అందరికీ భయపడుతున్నాడు."

ఎస్సైగారి భార్య మొహం పాలిపోయింది. "పేర్లు చెబితే రేపు ఇళ్ళమీదికి వస్తారు కదా?" అంది, ఎవర్నీ చూడకుండా.

"ఇంటికెందుకమ్మా? వాళ్ళింట్లో నాకేం పని? ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో స్టేషన్లో రాసుకుంటారు కదా, అది చూపిస్తే చాలు" అంది ఆ పిల్ల.

చదువుకున్న పెద్దలు కోర్టుల్లో ఏళ్ళతరబడి వాదించుకునే సంగతిని ఆ పిల్ల సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా తేల్చేసింది. పని సంగతి పని దగ్గిర. ఇంటి సంగతి ఇంట్లో.

సరే, మావారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళు దాచే ఉద్యోగం చేశాను. ఇప్పుడు బయటికి లాగే ఉద్యోగం వేశావా?" అని గొణుక్కుంటూనే సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టారు. ఆ చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. మామూలుగా పది రూపాయల రుసుము. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే నలభై ఎనిమిది గంటల్లోనే చెప్పాలి. అన్నిటికంటే నాకు నచ్చింది, ఎందుకడుగుతున్నావని మనల్ని అడక్కూడదు. ఆ ప్రశ్న వేయని ఆఫీసు ఈ దేశంలో ఇంకోటి ఉందా చెప్పండి!

మూడే అడిగాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లూ హోదాలూ. ఆ రోజు జనరల్ డైరీలో ఈ మనిషి గురించి రాసినది. కెమెరాలో పడినది. కెమెరా ఎందుకంటే, ప్రతి పోలీసు స్టేషనులోనూ లాకప్పుల దగ్గిర, వరండాల్లో, గుమ్మాల్లో బొమ్మా మాటా రెండూ పట్టే కెమెరాలు పెట్టాలనీ, ఆ రికార్డు పద్ధెనిమిది నెలలు దాచాలనీ 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ఒకే వాక్యం. "ఇది ఉద్యోగుల వ్యక్తిగత సమాచారం కాబట్టి ఇవ్వడానికి వీలులేదు."

వ్యక్తిగతమట! ఆ మాట చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే మన దేశంలో ఆ మాట కోర్టుకెక్కిందే పోలీసులు అర్ధరాత్రి తలుపు కొట్టడంవల్ల. ఆ కథ మీరూ వినాలి.

ఉత్తరప్రదేశ్‌లో ఒకాయన్ని 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేసినా పోలీసులు ఆయన పేర ఒక చిట్టా తెరిచి, రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టి, ఉన్నాడా లేడా అని చూసిపోయేవారు. ఏళ్ళతరబడి! ఇంట్లో ఆడవాళ్ళ నిద్ర ఏమయి ఉంటుందో ఊహించుకోండి. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇళ్ళమీద పడడం కూడదన్నారు. అయితే ఎక్కువమంది, ఏకాంతమనే హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదు పొమ్మన్నారు. కాదు, మనిషి స్వేచ్ఛలో ఏకాంతం కూడా ఒక భాగమేనని ఒక న్యాయమూర్తి విడిగా రాశారు. ఇంకొకాయన ఆయనతో కలిశారు. ఆ విడిగా రాసినాయన మన కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టిన మనిషి. తరవాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చి, ఆనాడు సుబ్బారావుగారు చెప్పిన మాటే సరైనదన్నారు. యాభై అయిదేళ్ళకి!

ఇప్పుడు చెప్పండి. పోలీసు తలుపు కొట్టిన ఇంటివాళ్ళకోసం పుట్టిన హక్కు అది. మా జాకెట్ల అమ్మాయి తలుపు కూడా అలాగే కొట్టారు. ఆ హక్కునే అడ్డం పెట్టి, తలుపు కొట్టిందెవరో నీకు చెప్పం అంటే ఎలా? గొడుగు ఇచ్చినవాణ్ణే వానలో నిలబెట్టినట్టు లేదూ?

అలాగని ఎస్సైగారి భార్యకి ఆ హక్కు లేదనను. ఆవిడకీ ఉంది. పెళ్ళినాడు ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుందిగానీ ఆయన లాఠీ పట్టుకోలేదు. ఆవిడ ఫోను నెంబరు, పిల్ల బడి, ఆయన బీపీ మాత్రలు, బ్యాంకు అప్పు, ఇవేవీ ఊరికి అక్కర్లేదు.

మావారు పై అధికారికి అప్పీలు రాశారు. చట్టంలో పదో సెక్షను ఒకటుంది. ఇవ్వకూడనిదీ ఇవ్వాల్సిందీ ఒకే కాగితంలో కలిసి ఉంటే, ఇవ్వకూడనిది కొట్టేసి మిగతాది ఇవ్వాలి. మనకి తెలియని విద్యా ఇది? చింతపండులో గింజ ఉందని పండు పారేస్తామా? గింజ తీసి పులుసు పెట్టుకుంటాం. ఆ ముక్కే మావారు కాస్త ఆఫీసు భాషలో రాశారు.

అప్పీలు ఫలించింది, అరకొరగా. డైరీలో అతని గురించి ఒక్క అక్షరం రాయలేదట. కెమెరా ఆ రోజుల్లో మరమ్మతులో ఉందట. డ్యూటీ జాబితా మాత్రం ఇచ్చారు. ఆరు పేర్లు, ఆరు హోదాలు. పక్కన ఉన్న ఫోను నెంబర్లమీద నల్లసిరా పూశారు. చూడండి, గింజ తీయడం వాళ్ళకీ చేతనవును, కావాలనుకుంటే!

ఆ అమ్మాయి కాగితం రెండుసార్లు చదివించుకుంది. మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది. "ఆరుగురికి తగ్గిందమ్మా" అంది.

ఇదంతా పాత ముచ్చట. ఇవ్వాళ అదే దరఖాస్తు పెడితే ఆ ఆరు పేర్లయినా వస్తాయో రావో. కొంత బిగింపు ముందునుంచే ఉంది. ఉద్యోగికిచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు ఆ ఉద్యోగికీ యజమానికీ మధ్య సంగతి, విస్తృత ప్రజాప్రయోజనం చూపిస్తే తప్ప బయటివాళ్ళకి ఇవ్వక్కర్లేదని 2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. గుమాస్తా ఆఫీసుకి ఆలస్యంగా వచ్చాడని మెమో ఇస్తే అది వీధిలో చాటించక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. లాకప్పులో మనిషిని కొట్టినందుకు మెమో ఇస్తే? అది కూడా ఆయనకీ పై అధికారికీ మధ్య సంగతేనా? దెబ్బ తిన్నవాడు మధ్యలో లేడా?

అప్పటికింకా చట్టంలో ఒక జల్లెడ ఉండేది. ప్రజల పనితో ఏ సంబంధమూ లేని సమాచారమైతే, లేదా అనవసరంగా మనిషి ఏకాంతంలోకి చొరబడేదైతే కాదనవచ్చు. ప్రజలకి అంతకంటే ఎక్కువ మేలుంటే అప్పుడు కూడా ఇవ్వవచ్చు. పైగా, పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదని ఒక చక్కని వాక్యం ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ జల్లెడ తీసేసి మూత పెట్టింది. వ్యక్తిగత సమాచారమైతే చాలు, కాదనవచ్చు. ఈ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఏకాంతం ప్రాథమిక హక్కు అయింది కాబట్టి ఈ మార్పు అవసరమనీ, హానికంటే ప్రజలకి మేలు ఎక్కువనుకుంటే అధికారి ఇవ్వవచ్చుననే ఇంకో నిబంధన అలాగే ఉందనీ ప్రభుత్వంవారు చెబుతున్నారు. ఉంది, నిజమే. మూతకి చిన్న చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి ఎంత పొయ్యాలో గిన్నె పట్టుకున్నవాళ్ళ దయ.

ఈ తగువు మనకొక్కళ్ళకే కాదు. మా పెద్దమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. ఈ గొడవంతా ఫోనులో చెబితే, వాళ్ళ రాష్ట్రంలో జరిగింది చెప్పింది. 2010 డిసెంబరులో లాంగ్ బీచ్ అనే ఊళ్ళో ఇద్దరు పోలీసులు ఒక మనిషిని కాల్చి చంపారు. అతని చేతిలో తుపాకి ఉందనుకున్నారు. తీరా చూస్తే అది తోటకి నీళ్ళు పెట్టే గొట్టం మూతి! కాల్చిందెవరో పేర్లు చెప్పమని అక్కడి పత్రికవాళ్ళు అడిగారు. పేర్లు చెబితే మావాళ్ళకీ వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ ప్రమాదమని పోలీసు సంఘంవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2014లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఏమందంటే, ఏదో జరుగుతుందేమోనన్న భయం ఒక్కటే చాలదు. ఫలానా అధికారికి ఫలానా ప్రమాదముందని చూపించండి, అప్పుడు ఆ పేరు ఆపుదాం. అంతేగాని అందరి పేర్లూ మూటగట్టి అటకెక్కించడానికి వీల్లేదు.

నాకు ఇది న్యాయంగా తోచింది. మన సమాచార హక్కు చట్టంలోనూ, మనిషి ప్రాణానికో ఒంటికో ప్రమాదమైతే ఆ సమాచారం ఆపవచ్చనే నిబంధన వేరే ఉంది కదా. నిజంగా ప్రమాదముంటే దాన్ని వాడుకోవచ్చు. ప్రతిదానికీ వ్యక్తిగతం అనే దుప్పటి కప్పడమెందుకు?

ఇంకొక్క సంగతి. దీన్ని తలుచుకుంటే నాకు చెప్పలేనంత కష్టంగా ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 2009లో ఒక సవరణ చేర్చారు. జిల్లా కంట్రోలు రూము బయట బోర్డు పెట్టి, అరెస్టయినవాళ్ళ పేర్లూ చిరునామాలూ, అరెస్టు చేసిన అధికారుల పేర్లూ హోదాలూ దానిమీద రాయాలి. చూశారా తేడా? అధికారికి పేరూ హోదా చాలు, ఇల్లెక్కడో అక్కర్లేదు. చాలా బాగుంది. మరి అరెస్టయినవాడికి? వాడింకా దోషి అని తేలలేదు. వాడి చిరునామా మాత్రం బోర్డెక్కింది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలో కూడా అరెస్టయినవాళ్ళ పేర్లూ చిరునామాలూ స్టేషనులో అందరికీ కనబడేలా పెట్టాలని ఉంది. మనుషుల్ని గుట్టుచప్పుడు కాకుండా మాయం చెయ్యకుండా ఉండడానికే ఈ ఏర్పాటు, కాదనను. కాని వాడికీ పెళ్ళాం ఉంటుంది. వాడి పిల్లా బడికెళ్తుంది. ఎస్సైగారి గేటు లోపల ఉన్నదే వాడి గుడిసెలోనూ ఉంటుంది. చిరునామా బయటపెడితే ఆ ఇంట్లో ఆడమనిషికి ఏమవుతుందో మా అరుగుమీద కూచునే ఆవిడ చెప్పగలదు.

మొన్న ఈ బోర్డు సంగతి ఆవిడకే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "మావారితో చెబుతాను పిన్నిగారూ" అంది. చెప్పిందో లేదో నేనడగలేదు. అది మాత్రం నిజంగా వాళ్ళింటి సంగతి.

మనిషి ఒంటిమీద చెయ్యివేసే అధికారం మిగతా ఉద్యోగులెవరికీ ఇంతగా ఇవ్వలేదు మనం. కలెక్టరాఫీసు గుమాస్తా మన కాగితాన్ని ఆపగలడు. పోలీసు మన మనిషినే ఆపగలడు. అంత అధికారం తీసుకున్నవాడు దానికి బదులుగా ఇచ్చేది ఒక్క పేరు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ పేరు ఆయనది కాదు, మనది. డ్యూటీ దిగి చొక్కా కొక్కేనికి తగిలించాక మళ్ళీ ఆయనదే. అప్పుడు ఆయన ఒక అమ్మాయికి తండ్రి, ఒకావిడకి మొగుడు. ఆ మనిషి జోలికి మనం పోకూడదు, పోనివ్వకూడదు కూడా. ఈసారి మీ ఫోనులో ఎవరైనా ఒక పోలీసు ఇంటి ఫోటో పంపితే పదిమందికి పంపకండి. అక్కడే చెరిపేయండి.

స్టేషను గుమ్మం ఎక్కే అవసరం మీలో ఎవ్వరికీ రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం కంగారుపడకుండా ముందు ఎదురుగా ఉన్నాయన చొక్కామీద పేరు చదవండి. పర్సులో చిన్న కాగితం ఉంటే దానిమీద రాసుకోండి, తేదీ వెయ్యండి, టైము కూడా వెయ్యండి. ఎందుకు రాస్తున్నారని ఆయన అడిగితే, "మీ పేరు చాలా బాగుందండీ" అనండి.